ఏడాదికి నాలుగుసార్లు వాడే కార్డ్‌లెస్ డ్రిల్లు: రూ. 4,500 లోపు ఏది కొనాలి?

పదకొండో అంతస్తు (హైదరాబాద్) | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నల్లగండ్లలో కొత్త ఫ్లాటులోకి వచ్చి ఇరవై రోజులైంది. కర్టెన్లు ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి. ఆరు కొట్టేసరికి ఎండ నేరుగా మంచం మీద పడుతోంది. రాడ్లు బిగించడానికి పిలిచిన మనిషి రెండు ఆదివారాలు వస్తానని చెప్పి రాలేదు, మూడోసారి ఫోను ఎత్తలేదు. ఇక నేనే చేసుకుందామని పంతం పట్టాను.

మూడు గదులకు కర్టెన్ రాడ్లు, అయిదారు ఫొటోలు, దేవుడి అర, ఒక అద్దం. విడి భాగాలుగా వచ్చిన పుస్తకాల బీరువా ఒకటి బిగించాలి. ఆ తర్వాత ఏడాదికి నాలుగుసార్లు బయటికి తీస్తే గొప్ప.

వెతికితే 12 వోల్టులు, 18, 20, 21, చివరికి 48 వోల్టుల డ్రిల్లు కూడా కనిపించింది. వోల్టులు పెరిగేకొద్దీ ధర తగ్గుతోంది. అనుమానం వచ్చింది అక్కడే. వైరు లేనిదే కావాలి. ఏది కొనమంటారు?

బెజవాడ ఎలక్ట్రీషియన్ | రాత్రి 9:58

ముందు ఒక ప్రశ్న. మీ గోడ ఏ రకం?

పదకొండో అంతస్తు | రాత్రి 10:03

గోడ అంటే గోడే కదండీ. పుట్టీ పెట్టి తెల్లరంగు వేశారు.

బెజవాడ ఎలక్ట్రీషియన్ | రాత్రి 10:31

తెల్లరంగు అందరి గోడలకీ ఉంటుంది. దాని వెనక ఏముందో చెప్పండి. ముప్ఫై ఏళ్లుగా గోడలు తొలుస్తున్నాను కాబట్టి అడుగుతున్నాను. డ్రిల్లు మంచిదా కాదా అనేది సగం గోడే తేలుస్తుంది.

ఎర్ర ఇటుక గోడ అయితే 12 వోల్టుల ఇంపాక్ట్ డ్రిల్లు, అంటే తిరుగుతూనే చిన్న దెబ్బలు కూడా కొట్టేది, ఆరు మిల్లీమీటర్ల రంధ్రం హాయిగా వేస్తుంది. ఏఏసీ బ్లాకు, అంటే తేలికగా ఉండే ఆ తెల్ల ఇటుక అయితే ఇంపాక్ట్ కూడా అక్కర్లేదు, సబ్బులో దిగినట్టు దిగుతుంది. అక్కడ కష్టం రంధ్రంతో కాదు, మర పట్టుకోవడానికి రంధ్రంలో దూర్చే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు వదులై ఊడివస్తుంది. ఇక మీ వైపు కడుతున్న పెద్ద టవర్లలో చాలావాటికి మైవాన్ పద్ధతి వాడుతున్నారు. అల్యూమినియం అచ్చులు నిలబెట్టి, గోడలూ శ్లాబూ కలిపి కాంక్రీటు పోసేస్తారు. ఇటుకే ఉండదు. మీ ఇల్లు ఆ రకమైతే బడ్జెట్ మొత్తం మళ్లీ ఆలోచించాలి.

రేపు పొద్దున ఒక పని చేయండి. కర్టెన్ బ్రాకెట్టు కింద దాగిపోయే చోట ఒకటిన్నర అంగుళం మేకు పెట్టి నాలుగు దెబ్బలు కొట్టండి. ఎర్రపొడి వస్తే ఇటుక. తెల్లటి మెత్తని పొడి వచ్చి మేకు చప్పున దిగిపోతే ఏఏసీ. పుట్టీ పెచ్చు ఊడి, బూడిదరంగు కనిపించి, మేకు వంగితే కాంక్రీటు. గదికి ఒక గోడ చొప్పున చూడండి, ఒక్కచోట చూసి తీర్పు చెప్పకండి.

మల్టీమీటరు (వరంగల్) | రాత్రి 10:50

48 వోల్టుల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఒకటి కొన్నాను. 1,900 రూపాయలు. పెట్టె మీద 48 అని పెద్ద అక్షరాల్లో ఉంది. నిండా చార్జ్ పెట్టి మీటరు తగిలిస్తే 20.4 చూపించింది. మరలు విప్పి చూస్తే లోపల అయిదు సెల్లులు.

లెక్క చాలా సులువు. లిథియం అయాన్ సెల్లు ఒక్కొక్కటి 3.6 వోల్టులు, నిండా చార్జ్ అయినప్పుడు 4.2. మూడు సెల్లులు వరుసగా కలిపితే 10.8, నిండినప్పుడు 12.6. దాన్నే 12 వోల్టులని అమ్ముతారు. అయిదు కలిపితే 18, నిండినప్పుడు 21. అంటే మీరు చూసిన 18, 20, 21 మూడూ ఒకే సరుకు. పెట్టె మీద ఏ క్షణం నాటి వోల్టేజీ రాశారన్నదే తేడా. పేరున్న కంపెనీల్లోనూ కొన్ని 18 అని, కొన్ని 20 మ్యాక్స్ అని రాస్తాయి, అందులో మోసం లేదు. 48 కావాలంటే మాత్రం పదమూడు సెల్లులు ఉండాలి. అరచేతిలో ఇమిడే బ్యాటరీలో పదమూడు ఎక్కడ పడతాయి?

డల్లాస్ బాబాయి | రాత్రి 11:12

ఇక్కడి వీడియోలు చూసి అక్కడ డ్రిల్లు కొనకండి. మా ఇంటి లోపలి గోడ అర అంగుళం జిప్సం బోర్డు, దాని వెనక పదహారు అంగుళాలకు ఒకటి చొప్పున చెక్క నిట్రాడలు. ఆ గోడకు స్క్రూడ్రైవరుతో కూడా కన్నం పెట్టవచ్చు. ఈ డ్రిల్లు అద్భుతం అని ఇక్కడివాళ్లు మెచ్చుకునేది ఆ చెక్కలో మర దిగిన తీరు చూసి.

ఇంకో మాట. మూడేళ్ల కిందట మా తమ్ముడికి ఇక్కడినుంచి ఒకటి పట్టుకెళ్లాను. బ్యాటరీలు చేతిసంచీలో, డ్రిల్లు చెక్-ఇన్ సామానులో పెట్టుకున్నాను, అక్కడివరకు బాగానే ఉంది. చార్జరు మీద 120 వోల్టులని ఉన్న అక్షరాలు ఎవరం చూడలేదు. తమ్ముడు గుంటూరులో ప్లగ్గులో పెట్టాడు, టప్ మంది. ఇప్పుడా డ్రిల్లు వాళ్ల షోకేసులో ఉంది.

అద్దె చాలు (కూకట్‌పల్లి) | ఆదివారం, ఉదయం 7:20

అసలు కొనడం ఎందుకు? ఏడాదికి నాలుగుసార్లు అని మీరే అంటున్నారు. హార్డ్‌వేర్ దుకాణాల్లో రోజు అద్దెకు ఇస్తున్నారు. పదేళ్లు బీరువాలో పెట్టుకున్నా వైరు డ్రిల్లు పాడవదు. బ్యాటరీ మాత్రం వాడినా పాడవుతుంది, వాడకపోయినా పాడవుతుంది. ఎప్పుడో ఒకసారి వాడేవాడికి కార్డ్‌లెస్ అంత దండగ సరుకు ఇంకొకటి లేదు.

మేడమీద తోట (విశాఖపట్నం) | ఉదయం 8:05

దండగ అని నేను ఒప్పుకోను. నేనూ ఒక్క అద్దం బిగించడానికే 12 వోల్టులది కొన్నాను, నాలుగేళ్లయింది. ఇంట్లో ఉంటే పని దానంతట అదే పుడుతుంది. పాత రంగు బకెట్లకు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు వేస్తాను, ఒక్కో బకెట్టుకు ఆరు. బకెట్టు బోర్లించి, లోపల చెక్కముక్క ఆనించి, నిదానంగా తిప్పాలి. వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి బిట్టుకు జిగురులా చుట్టుకుంటుంది. పందిరి కట్టడం, కుర్చీ కాలు బిగించడం, కిటికీ దోమతెర, అన్నీ దానితోనే. మేడమీదికి పొడిగింపు వైరు లాగాలంటే వీటిలో ఒక్కటీ చేసేదాన్ని కాదు.

పదకొండో అంతస్తు | మధ్యాహ్నం 12:15

మేకు పరీక్ష చేశాను. నాలుగు గదుల్లో నాలుగు మేకులు. నాలుగూ కొక్కెంలా వంగిపోయాయి. పెచ్చు ఊడినచోట బూడిదరంగు. సెక్యూరిటీ ఆఫీసులో అడిగితే, అంతా మైవానే సార్, లోపల ఇటుకే లేదు, అన్నారు. కింది ఫ్లాటు పెద్దాయన ఏం పడిందోనని పైకి వచ్చి చూసి వెళ్లారు.

ఇప్పుడు ఏం చేయాలి? 12 వోల్టుల ఇంపాక్ట్ పనికిరాదా?

బెజవాడ ఎలక్ట్రీషియన్ | మధ్యాహ్నం 1:40

పూర్తిగా పనికిరాదని అనను. ఒక్క రంధ్రానికి పది నిమిషాలు కుస్తీ పట్టి, బిట్టు కాల్చుకుని, మధ్యలో బ్యాటరీ మార్చి వేయవచ్చు. మీకు కనీసం ఇరవై రంధ్రాలు కావాలి.

ఇంపాక్ట్ డ్రిల్లు లోపల గట్లు దేరిన రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి జారుతూ టకటకమంటాయి. నిమిషానికి ఇరవై వేలకు పైగా దెబ్బలు, కానీ ఒక్కోటి గోరుతో మీటినంత. బలమంతా మన భుజం నుంచి రావాలి. మేం హ్యామర్ అని పిలిచే రోటరీ హ్యామర్ వేరు. అందులో పిస్టన్ గాలిని నొక్కి లోపలి సుత్తిని విసురుతుంది. దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే, కానీ ఒక్కోటి నిజమైన సుత్తి దెబ్బ. మనం ఊరికే పట్టుకుని నిలబడితే చాలు, కాంక్రీటులో ఆరు మిల్లీమీటర్ల రంధ్రం పది పదిహేను సెకన్లలో అయిపోతుంది.

మీ ఇంటికి కావలసింది అది. అయితే కొనకండి. ఈ ఒక్కమాటలో కూకట్‌పల్లి వారితో నేను ఏకీభవిస్తాను.

అద్దె చాలు | మధ్యాహ్నం 1:52

ధన్యవాదాలు. నా పేరే అది.

వడ్రంగి కొడుకు (కరీంనగర్) | మధ్యాహ్నం 3:30

మా నాన్న చేత్తో తిప్పే బరమాతో, నేను బ్యాటరీ డ్రిల్లుతో పని చేస్తూ పెరిగాం. నా సలహా కొంచెం తేడాగా ఉంటుంది. గోడ పని హ్యామర్‌కు వదిలేశాక మీకు మిగిలింది మరలు బిగించే పని. దానికి ఇంపాక్ట్ ఉన్న డ్రిల్లు ఎందుకు? ఇంపాక్ట్ లేని 12 వోల్టుల డ్రిల్ డ్రైవరు తీసుకోండి. బరువు తక్కువ, పొడవు తక్కువ, ధర కూడా తక్కువ. మీ బడ్జెట్‌లో రెండు బ్యాటరీలతో వచ్చేస్తుంది.

చూడవలసినవి: రెండు గేర్లు ఉండాలి, ఒకటి మరలకు నెమ్మదిగా, రెండోది చెక్క తొలవడానికి వేగంగా. బిట్టును పట్టుకునే చక్ పది మిల్లీమీటర్లది చాలు. ట్రిగ్గరు ఎంత నొక్కితే అంత వేగం రావాలి. బ్రష్‌లెస్ మోటారు కోసం అదనంగా పెట్టకండి, ఆ డబ్బు రోజంతా వాడే మాలాంటివాళ్లకు తిరిగొస్తుంది, మీకు రాదు.

ఇక ముక్కు దగ్గర అంకెలున్న ఉంగరం, మర ఎంత బిగిశాక ఆగాలో చెప్పేది. కొన్నవాళ్లలో పదిమందికి తొమ్మిది మంది దాన్ని ముట్టుకోరు. దుకాణంలో డ్రిల్లు గుర్తు మీద ఉన్నది ఉన్నట్టే వాడి, పుస్తకాల బీరువా మొదటి మరకే పాడుచేస్తారు. ఆ బీరువాలు చేసే పార్టికల్ బోర్డు అంటే చెక్కపొడిని జిగురుతో అదిమిన అట్ట. మర తల ఆనిన తర్వాత అర చుట్టు ఎక్కువ తిరిగినా లోపలి పొడి రాలిపోతుంది, మర ఊరికే తిరుగుతుంది, ఆ రంధ్రం ఇక పట్టదు. ఉంగరాన్ని 3 మీద పెట్టండి. తల ఆనగానే చేతిలో టక టక మని వదిలేస్తుంది. పైకి లేచి ఉంటే 4, ఇంకా లేచి ఉంటే 5. అంతకు మించి ఆ బీరువాకు అక్కర్లేదు. చివరి పావు చుట్టు చేత్తోనే బిగిస్తాను నేను, అది అలవాటు.

డ్రిల్లుతో ఉచితంగా వచ్చే ఇరవై నాలుగు బిట్ల పెట్టెను నమ్ముకోవద్దు. స్టార్ మరలకు, అంటే తల మీద ప్లస్ గుర్తున్నవాటికి, పీహెచ్2 సైజు బిట్లు రెండు మంచివి విడిగా కొనండి.

మల్టీమీటరు | సాయంత్రం 4:10

బ్యాటరీ దండగ అన్న మాట మీద. 12 వోల్టులది, 2 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే 10.8 ఇంటూ 2, అంటే 21.6 వాట్ అవర్లు. అయిదు వందల వాట్ల వైరు డ్రిల్లు పూర్తి బలంతో తిరిగితే దాన్ని రెండున్నర నిమిషాల్లో తాగేస్తుంది. కాంక్రీటుకు ఇది ఎందుకు చాలదో ఇక్కడే తెలుస్తుంది. మరలకైతే అదే బ్యాటరీతో బీరువా మొత్తం బిగించి ఇంకా మిగుల్చుకోవచ్చు.

పాడవడం నిజమే, కానీ సగం మన చేతుల్లో ఉంది. పూర్తిగా ఖాళీ చేసి పెట్టకండి. కొద్దికొద్దిగా అదే దిగి, ఒక హద్దు దాటాక చార్జరు దాన్ని గుర్తించనే గుర్తించదు. నిండా చార్జ్ చేసి ఎండాకాలమంతా అటక మీద పెట్టడమూ మంచిది కాదు. సగం చార్జ్‌తో, డ్రిల్లు నుంచి విడదీసి, ఇంట్లో చల్లటి అరలో పెట్టండి. మూడు నాలుగు నెలలకోసారి చూసుకోండి. మే నెలలో కారు డిక్కీలో మాత్రం వద్దు. ఖాళీ అయ్యాకే చార్జ్ చేయాలి అనేది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట, లిథియంకు అది చెరుపు.

అద్దె చాలు | సాయంత్రం 4:35

ఇంత సేవ చేయాలా? మా ఆవుకు కూడా ఇంత చేయలేదు. అయిదు వందల వాట్ల వైరు డ్రిల్లు ఒకటి కొని పడేస్తే కొడుకుల కాలం వరకు ఉంటుంది.

మేడమీద తోట | సాయంత్రం 5:02

ఆ వైరు పట్టుకుని నిచ్చెన ఎక్కి చూశారా ఎప్పుడైనా? ఒక చేతిలో డ్రిల్లు, కాలి కింద పొడిగింపు వైరు, కింద లాగుతూ పిల్లవాడు. ఇంకోటి కూడా ఉంది. గోడలో కరెంటు పైపు ఎక్కడుందో తెలియనప్పుడు మెయిన్ స్విచ్ దింపేసి తొలవవచ్చు. వైరు డ్రిల్లుతో అది కుదరదు కదా, దానికే కరెంటు కావాలి.

బెజవాడ ఎలక్ట్రీషియన్ | సాయంత్రం 5:20

మేడం గారి రెండో మాట విలువైనది. నేను ఊరికే ఎవరినీ మెచ్చుకోను, ఇది మెచ్చుకుంటున్నాను.

డల్లాస్ బాబాయి | సాయంత్రం 6:15

బ్రాండ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. బాష్, మకితా, డీవాల్ట్, స్టాన్లీ, బ్లాక్ అండ్ డెకర్... ఎప్పుడో వాడేవాళ్లకు వీటిలో పెద్ద తేడా ఏమైనా ఉందా?

వడ్రంగి కొడుకు | రాత్రి 8:40

ఆ పేర్లలో ఏది తీసుకున్నా మీ పనికి ఎక్కువే. మీ ఊళ్లో సర్వీసు ఎవరికి దగ్గరగా ఉందో చూడండి, పోటీ అంతా అక్కడే. బ్యాటరీ మాత్రం జాగ్రత్త. రేపు అదే బ్యాటరీతో టార్చిలైటో, చిన్న రంపమో కొందామనుకుంటే కంపెనీ పేరు ఒకటైతే సరిపోదు. మకితాలో ఎల్ఎక్స్‌టీ, జీ సిరీస్ రెండూ 18 వోల్టులే, దాని బ్యాటరీ దీనికి ఎక్కదు. బాష్‌లో ఆకుపచ్చవి ఇంటివాళ్లకు, నీలంవి పనివాళ్లకు, ఆ రెండింటి 18 వోల్టుల బ్యాటరీలూ వేరే.

ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనిపిస్తే, పెట్టెలో బ్యాటరీ, చార్జరు ఉన్నాయా అని వివరాల్లో చదవండి. ఒట్టి డ్రిల్లు మాత్రమే అమ్మడం మామూలే. నా మిత్రుడు ఒకడు తెప్పించుకుని, అది పనిచేయడం లేదని రెండు రోజులు తిట్టాడు. బ్యాటరీ పెట్టవలసిన చోటు ఖాళీగా ఉంది.

పదకొండో అంతస్తు | రాత్రి 9:30

అయితే నా నిర్ణయం: హ్యామర్ ఒక్కరోజు అద్దెకు, 12 వోల్టుల డ్రిల్ డ్రైవరు సొంతానికి. అద్దె రోజు కంగారు పడకుండా ముందు ఏమేం చేసుకోవాలో చెప్పండి.

బెజవాడ ఎలక్ట్రీషియన్ | రాత్రి 10:15

రంధ్రాలన్నీ ముందురోజే పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. రాడ్డు బ్రాకెట్లను నేలనుంచి కొలవకండి, కిటికీ పై అంచునుంచి కొలవండి. చూసే కన్ను దాన్నే పట్టుకుంటుంది. బిట్లు దుకాణం వాళ్లవి మొండిగా ఉంటాయి. ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల ఎస్‌డీఎస్ ప్లస్ బిట్లు, అంటే హ్యామర్‌లో ఇమిడేలా కాడకు గాడులున్నవి, ఒక్కోటి సొంతంగా కొనండి. మామూలు గుండ్రటి బిట్టు హ్యామర్‌కు పట్టదు. బిట్టుకు నలభై మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టండి, అక్కడికి రాగానే ఆపేయాలి.

స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా ముట్టుకోకండి, పైపు అటే పోతుంది. బిట్టు ఒక్కసారిగా ఆగి మొరాయిస్తే ఇనుప చువ్వ తగిలినట్టు, పోరాడకుండా ఒక అంగుళం పక్కకు జరగండి. సీలింగు జోలికి బిల్డరును అడగకుండా పోవద్దు, కొన్ని టవర్లలో శ్లాబు లోపల లాగి బిగించిన ఉక్కు తీగలు ఉంటాయి. స్నానాల గది అద్దానికి టైలు మీద దెబ్బ లేకుండా, తిప్పుడు మాత్రమే. టైలు దాటాకే హ్యామర్.

మేడమీద తోట | రాత్రి 10:22

పాత కవరు ఒకటి నోరు తెరిచి రంధ్రం కింద టేపుతో అంటించండి. పొడి అంతా అందులో పడుతుంది. లేకపోతే వారం రోజులు ఊడుస్తూనే ఉంటారు. కళ్లద్దాలు మరవకండి.

పదకొండో అంతస్తు | రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:10

అయిపోయింది. రాణిగంజ్‌లో హ్యామర్ తీసుకున్నాను. రోజుకు 500, బయానా 2,000, తిరిగి ఇచ్చారు. బిట్లు 260. ఇరవై మూడు రంధ్రాలు, గంటా పది నిమిషాలు. మొదటి దానికి చేతులు వణికాయి. నాలుగో దానికి కింది పెద్దాయన మళ్లీ వచ్చారు, ఈసారి వాళ్ల ఇంట్లో రెండు వేసిపెట్టమని.

డ్రిల్ డ్రైవరు రెండు బ్యాటరీలతో 3,650 పడింది. మొత్తం 4,410. బీరువా ఉంగరం 4 మీద పెట్టి బిగించాను, ఒక్క మరా పాడవలేదు. ఇవాళ ఏడున్నరకు లేచాను.

ఒక్క చిక్కు. దేవుడి అర దగ్గర రెండు రంధ్రాలు పక్కకు పోయాయి. మా ఆవిడ వాటి మీద క్యాలెండరు తగిలించింది, కానీ నాకు తెలుసు కదా. ఎలా పూడ్చాలి?

బెజవాడ ఎలక్ట్రీషియన్ | రాత్రి 8:25

లోపలి పొడి ఊది, తడిపి, తెల్ల సిమెంటు గట్టిగా కలిపి అగ్గిపుల్లతో కూరండి. మర్నాడు పైన పుట్టీ, ఆరాక గరుకు కాగితంతో రుద్ది రంగు. మిగిలిన రంగు డబ్బా బిల్డరు ఇచ్చే ఉంటాడు, బాల్కనీలో చూడండి.

పదకొండో అంతస్తు | రాత్రి 8:41

ఉంది. మూత బిగుసుకుపోయింది.

వడ్రంగి కొడుకు | రాత్రి 8:44

దానికి డ్రిల్లు వాడకండి. చెంచా చాలు.